“మీరేమైనా అడుగుతారా?” అన్నప్పుడు ఏమడగాలి

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో ఇంటర్వ్యూ ప్రశ్నల కట్టలు దొరుకుతాయి. జావాకు ఒకటి, టెస్టింగ్‌కు ఒకటి, హెచ్‌ఆర్ రౌండుకు మరొకటి. అన్నీ వాళ్లు మనల్ని అడిగేవే. మనం వాళ్లను అడగవలసినవి ఏ కట్టలోనూ నాకు కనిపించలేదు.

దాని ఫలితం నేను ఏడు నెలలు అనుభవించాను. 2009లో బేగంపేటలో ఒక కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్లాను. మా ఇల్లు మల్కాజ్‌గిరి. సికింద్రాబాద్ మీదుగా బస్సెక్కితే పెద్ద దూరమేమీ కాదు. చివర్లో ఇంటర్వ్యూ చేసినాయన నా ఫైలు మూస్తూ “మీరేమైనా అడుగుతారా?” అన్నారు. “ఏమీ లేవండీ, అన్నీ అర్థమయ్యాయి” అని వినయంగా నవ్వి లేచి వచ్చేశాను. చేరిన రోజున తెలిసింది, బేగంపేటలో ఉన్నది హెచ్‌ఆర్ విభాగం మాత్రమేనని, నా కుర్చీ నానక్‌రామ్‌గూడలో ఉందని. అప్పటికి మెట్రో లేదు. రెండు బస్సులు, ఒక షేర్ ఆటో, పోవడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు. వాళ్లు అబద్ధమాడలేదు. నేనే అడగలేదు.

ఇప్పుడు అప్పుడప్పుడూ బల్లకు అవతలి వైపు కూడా కూర్చుంటున్నాను. అక్కడినుంచి చూస్తే ఈ మొహమాటం మరీ వింతగా ఉంటుంది. పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతమెంత, సొంతిల్లా అద్దిల్లా, పొలమెన్ని ఎకరాలు అని కాఫీ చల్లారేలోపే అడిగేసే మనం, రోజుకు తొమ్మిది గంటలు గడపబోయే చోటు గురించి నోరు విప్పడానికి సిగ్గుపడతాం. అడిగితే ఉద్యోగం చేజారుతుందని భయం. ప్రశ్న అడిగాడన్న కారణంతో నేనెవరినీ వద్దనలేదు. “మీ కంపెనీ ఏమి చేస్తుందండీ?” అని అడిగినవాళ్లను చూసి మాత్రం పెదవి విరిచాను. అది వెబ్‌సైటు మొదటి పేజీలోనే ఉంటుంది కదా.

మొదటి అడుగు: ముందురోజు ఇంట్లో

ఉద్యోగ ప్రకటనను ప్రింటు తీసి పెన్సిలు పట్టుకోండి. జారిపోయే మాటలన్నిటికింద గీత గీయండి. ‘అవసరాన్ని బట్టి షిఫ్టులు’, ‘అప్పగించిన ఇతర పనులు’, ‘ఆకర్షణీయమైన జీతం’, ‘ఒత్తిడిని తట్టుకోగలగాలి’. గీత గీసిన ప్రతి మాటా ఒక ప్రశ్న. ఒత్తిడిని తట్టుకోగలగాలని ప్రకటనలోనే రాశారంటే అక్కడ ఏదో ఉంది, అదేమిటో తెలుసుకోవాలి.

ఇలా ఆరేడు రాసుకోండి. అడగడానికి వీలయ్యేవి మూడో నాలుగో. మాటల మధ్యలో కొన్నిటికి వాళ్లే జవాబు చెప్పేస్తారు. అప్పటికి చేతిలో ఏమీ మిగలకుండా పోకూడదనే ఎక్కువ రాసుకోవడం. చిన్న నోటుపుస్తకంలో రాసుకుని బల్ల మీద తెరిచి పెట్టుకోండి. చూసి అడిగితే తప్పేమీ లేదు, సిద్ధపడి వచ్చారని అర్థమవుతుంది.

మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఇంటర్వ్యూలు ఎక్కువగా ఇంగ్లీషులోనే సాగుతాయి. జవాబులు బట్టీపట్టినవాళ్లు కూడా ప్రశ్న అడగాల్సివచ్చేసరికి తడబడతారు. అందుకని ప్రతి ప్రశ్ననూ పది మాటలు దాటకుండా రాసుకుని, పైకి వినిపించేలా రెండుసార్లు చదువుకోండి. అద్దం ముందు కాదు, ఎవరైనా మనిషి ముందు.

రెండో అడుగు: ఎవరిని ఏది అడగాలి

ఇది త్వరగా తేల్చుకోవలసిన సంగతి. టెక్నికల్ రౌండులో కూర్చునేది రేపు మీ పక్క కుర్చీలో ఉండబోయే మనిషి. ఆయనను పని గురించి, వాడే పనిముట్ల గురించి, మామూలు రోజు ఎలా గడుస్తుందన్న దాని గురించి అడగండి. మేనేజరును టీమ్ గురించి, మీనుంచి ఏమి ఆశిస్తున్నారన్న దాని గురించి అడగండి. జీతం, సెలవులు, బీమా, బాండు (ఇంతకాలం మానేయనని రాసిచ్చే ఒప్పందం) వంటివి హెచ్‌ఆర్‌కు వదిలేయండి. టెక్నికల్ రౌండులో పీఎఫ్ గురించి అడిగితే పాపం ఆయనకు తన పీఎఫ్ సంగతే తెలిసి ఉండదు.

మూడో అడుగు: ప్రశ్నను వెనక్కు తిప్పడం

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి.

మా అక్క కూతురికి ఈమధ్య గచ్చిబౌలిలో ఇంటర్వ్యూ వచ్చింది. ముందురోజు రాత్రి వనస్థలిపురంలో వాళ్లింట్లో, భోజనాల బల్ల దగ్గర, నేను మేనేజరునయ్యాను.

“మీ దగ్గర పని ఒత్తిడి ఎలా ఉంటుందండీ?” అంది.

“చాలా బాగుంటుందమ్మా. మాదంతా ఒక కుటుంబం” అన్నాను, మేనేజరు గొంతు తెచ్చుకుని.

“మామయ్యా, మీరలా అనేస్తే ఇంక నేనేమి అడగాలి?”

“అందుకే అలా అడగకూడదు. పోయిన నెలలో మీ టీమ్ ఎన్ని శనివారాలు పని చేసింది అని అడుగు.”

అడిగింది. నేను నిజంగానే ఆగిపోయాను. మా ఆఫీసు లెక్క కళ్లముందు కదిలింది. “మూడు” అన్నాను. వంటింట్లోంచి మా అక్క “మూడా?” అంది. అది మేనేజరును అడిగిన ప్రశ్న కాదు, తమ్ముణ్ని అడిగినది.

‘బాగుంటుంది’ అనడానికి మనిషి ఏమీ గుర్తుచేసుకోనక్కరలేదు. ‘పోయిన నెలలో’ అనగానే గుర్తుచేసుకోక తప్పదు. ఆ గుర్తుచేసుకునే రెండు క్షణాల్లో అతని ముఖం మీకు చాలా చెబుతుంది. కాబట్టి ‘ఎలా ఉంటుంది’ అనే ప్రతి ప్రశ్ననూ ‘పోయినసారి ఏమి జరిగింది’ అనేదానికి తిప్పండి. ‘సెలవులు ఇస్తారా?’ అని కాదు, ‘పోయిన సంక్రాంతికి మీ టీమ్‌లో ఎంతమంది ఊరికి వెళ్లగలిగారు?’ అని. ‘ఎదుగుదలకు అవకాశం ఉందా?’ అని కాదు, ‘ఈ టీమ్‌లో చివరగా ప్రమోషన్ వచ్చినవారు ఏమి చేసి తెచ్చుకున్నారు?’ అని. ‘శిక్షణ ఉంటుందా?’ అని కాదు, ‘పోయిన బ్యాచ్‌కు ఎన్ని వారాలు నేర్పారు?’ అని.

ఇందులో ఒక జాగ్రత్త ఉంది. గొంతులో పోలీసు రాకూడదు. “తెలుసుకుందామని అడుగుతున్నానండీ” అన్న మెత్తదనంతోనే అడగాలి. వరసగా నాలుగు లెక్కలు అడిగితే ఎవరికైనా చిరాకు పుడుతుంది. ఒకటి అడిగి, జవాబు పూర్తిగా విని, అందులోంచే రెండోది తీయండి.

నాలుగో అడుగు: పని గురించి

నేను ఎవరికైనా మొదట చెప్పే ప్రశ్న: “ఈ ఖాళీ ఎలా వచ్చిందండీ?” కొత్తగా సృష్టించిన పోస్టు అయితే పనికి ఇంకా ఆకారం వచ్చి ఉండదు, మీరే దారి వేసుకోవాలి. కొందరికి అది నచ్చుతుంది, కొందరికి నిద్ర పట్టదు. ఎవరో మానేస్తే వచ్చినదైతే “వారు ఎంతకాలం చేశారు?” అని అడగండి. నాలుగేళ్లు చేసి ప్రమోషన్ మీద పైకి వెళ్లారంటే ధైర్యంగా ముందుకు పోవచ్చు. ఏడాదిన్నరలో ముగ్గురు మారారంటే సమస్య ఆ ముగ్గురిలో ఉండే అవకాశం తక్కువ.

తర్వాతిది: “మొదటి మూడు నెలల్లో నేను పూర్తి చేయాల్సిన పని ఏమిటి?” దీనికి గడగడా జవాబొస్తే మీ కోసం నిజంగా పని ఎదురుచూస్తోంది. “ముందు చేరండి, చూద్దాం” అంటే పోస్టు ఉంది గాని పని లేదు. సాఫ్ట్‌వేర్ సేవల కంపెనీల్లో దీన్నే బెంచి అంటారు. తాజాగా చదువు ముగించినవారు తప్పక అడగాల్సినది: “పోయిన ఏడాది చేరినవాళ్లకు ప్రాజెక్టు దొరకడానికి ఎంతకాలం పట్టింది?” దానికి తోడు, బెంచి మీదున్న రోజుల్లో జీతం పూర్తిగా ఇస్తారా, ఎన్ని నెలల తర్వాత ఇంటికి పంపుతారు అన్నది హెచ్‌ఆర్ రౌండుకు దాచుకోండి.

ఇంటర్వ్యూ చేసే మనిషి స్నేహంగా ఉన్నారనిపిస్తే “ఇక్కడ మీకు విసుగు తెప్పించేది ఏమిటి?” అని కూడా అడగవచ్చు. నన్నొక అబ్బాయి అలా అడిగాడు. అనుమతుల కోసం మెయిల్ మీద మెయిల్ పెట్టాల్సి రావడం అని నిజమే చెప్పాను. చేరాక అతను ఒక్కసారి కూడా ఆ సంగతి మీద గొణగలేదు, ముందే తెలుసు కనుక.

ఐదో అడుగు: ఎక్కడ, ఏ వేళకు

హైదరాబాద్‌లో ఇది జీతంతో సమానమైన ప్రశ్న. ఇంటర్వ్యూ జరిగిన చోటే పనిచేసే చోటని అనుకోవద్దని నా కథ చెప్పనే చెప్పింది. “నేను కూర్చునేది ఏ భవనంలో?” అని అడగండి. ప్రాంతం పేరు చాలదు, భవనం కావాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవారు రెడ్ లైన్ మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి బ్లూ లైన్‌లో రాయదుర్గం చేరవచ్చు. మెట్రో అక్కడితో సరి. ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో ఉంటే మిగతా దారి బస్సో, ఆటోనో, కంపెనీ వాహనమో చూసుకోవాలి. వర్షం పడిన సాయంత్రం ఆ చివరి ముక్కే అన్నిటికన్నా పొడుగు. “స్టేషను నుంచి కంపెనీ బస్సు ఉందా, చివరి ట్రిప్పు ఎన్నింటికి?” అన్నది సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదు.

ఇంటినుంచి పని చేయవచ్చంటే, వారానికి ఎన్ని రోజులన్న దానితో ఆగకండి. “పోయిన ఏడాదిలో ఈ నిబంధన ఎన్నిసార్లు మారింది?” అని అడగండి. ఇంటినుంచి పని చేయవచ్చన్న ధైర్యంతో ఘట్‌కేసర్‌లో ఫ్లాటు కొనుక్కుని, ఆరు నెలలకే రోజూ రమ్మన్న మెయిల్ అందుకున్నవాళ్లు నాకు తెలుసు.

షిఫ్టుల దగ్గర మరింత నిదానించండి. ‘అమెరికా వేళలు’ అంటే సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారుజామున మూడున్నర దాకా కావచ్చు, మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పదకొండు దాకా కూడా కావచ్చు. రెండూ వేరువేరు జీవితాలు. పైగా అక్కడ ఏటా మార్చిలో, నవంబరులో గడియారాన్ని ఒక గంట మారుస్తారు. దాంతో ఇక్కడి షిఫ్టూ గంట జరుగుతుంది, క్యాబ్ వేళ జరుగుతుంది, ఇంట్లో నిద్రలేపే వేళ కూడా జరుగుతుంది. “షిఫ్టు ఎన్ని నెలలకోసారి మారుతుంది, రాత్రి భత్యం రోజుకు ఎంత, క్యాబ్ ఇంటి గుమ్మం దాకా వస్తుందా, మెయిన్ రోడ్డు దాకానా?” అని ఒక్కొక్కటిగా అడగండి. అమ్మాయిలైతే, రాత్రి క్యాబ్‌లో చివరగా దిగేది తామైనప్పుడు తోడుగా గార్డు ఉంటారా అన్నది నేరుగా అడగాలి. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదుల కోసం అంతర్గత కమిటీ ఉండాలని 2013 నాటి చట్టం చెబుతోంది. “మీ కమిటీ వివరాలు ఎక్కడ చూడవచ్చు?” అంటే, ఉన్న కంపెనీ వెంటనే చెప్పేస్తుంది.

అందరూ కంప్యూటర్ ముందే కూర్చోరు. జీడిమెట్ల, పటాన్‌చెరు, పాశమైలారం వైపు మందుల, రసాయనాల ఫ్యాక్టరీల్లో చేరేవారికి మొదటి ప్రశ్న జీతం కాకూడదు. 2025 జూన్ 30న పాశమైలారంలో మందుల తయారీకి వాడే పొడిని చేసే ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. “చివరి మాక్‌డ్రిల్ ఎప్పుడు చేశారు? మాస్కులు, బూట్లు మీరిస్తారా, మేం కొనుక్కోవాలా? నేను పనిచేసే షెడ్డుకు ఎన్ని ద్వారాలు?” ఈ మూడూ అడగండి. వీలుంటే షెడ్డు చూపించమనండి. ప్రైవేటు స్కూలు, జూనియర్ కాలేజీ ఉద్యోగాలకైతే ఒకే ప్రశ్న మీద పట్టుబట్టండి: “పోయిన మే నెల జీతం అందరికీ పడిందా?” ఏడాదికి పన్నెండు నెలలు జీతమిచ్చేవాళ్లెవరో, పది నెలలతో సరిపెట్టేవాళ్లెవరో అక్కడ తేలిపోతుంది.

ఆరో అడుగు: హెచ్‌ఆర్ బల్ల దగ్గర డబ్బు

సీటీసీ (మీ మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) అన్న మూడక్షరాలు విని ఇంటికి ఫోన్ చేసి శుభవార్త చెప్పేయకండి. ఏడాదికి 6 లక్షలంటే నెలకు 50,000 అని ఇంట్లోవాళ్లు లెక్కవేస్తారు. నిజమైన లెక్క ఒకసారి కాగితం మీద వేద్దాం.

6,00,000లో పదోవంతు, అంటే 60,000, పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ అనుకోండి. నెలనెలా రాదు. మిగిలిన 5,40,000లో యజమాని కట్టే పీఎఫ్ వాటా కూడా కలిపే ఉంటుంది: 15,000 జీతం పరిమితి మీద 12 శాతం లెక్కన నెలకు 1,800, ఏడాదికి 21,600. నెలకు బేసిక్ (మూల వేతనం) 25,000 అనుకుంటే గ్రాట్యుటీ కింద 4.81 శాతం చొప్పున ఏడాదికి 14,430 రాస్తారు. శాశ్వత ఉద్యోగికి అది మామూలుగా ఐదేళ్ల సర్వీసు నిండాక మానేసినప్పుడే చేతికొస్తుంది. ఆరోగ్య బీమా ప్రీమియం 6,000 కూడా ఇందులోనే చేర్చారనుకుందాం. ఇవన్నీ తీసేస్తే ఏడాదికి 4,97,970, నెలకు సుమారు 41,500. అందులోంచి మీ వాటా పీఎఫ్ 1,800, తెలంగాణలో 20,000 దాటిన జీతానికి పడే వృత్తి పన్ను 200 పోతాయి. చేతికొచ్చేది 39,500. పీఎఫ్‌ను పూర్తి బేసిక్ మీద లెక్కగడితే మరో 2,400 దాకా తగ్గుతుంది, అయితే అది ఎక్కడికీ పోదు, మీ ఖాతాలోనే పెరుగుతుంది.

కాబట్టి అడగాల్సింది “ప్యాకేజీ ఎంత?” అని కాదు. “అన్ని కోతలూ పోగా నెలకు బ్యాంకులో పడేదెంత?” అని. రెండోది, “పోయిన ఏడాది వేరియబుల్ ఎంత శాతం ఇచ్చారు?” అని. కాగితం మీద నూరు శాతం ఉన్నది చేతికి అరవై వచ్చిన సంవత్సరాలు నేను చూశాను. మూడోది బీమా: తల్లిదండ్రులకు వర్తిస్తుందా, వాళ్ల ప్రీమియం ఎవరు కడతారు? నెల జీతం 21,000 లోపైతే ఈఎస్‌ఐ అనే కార్మికుల ఆరోగ్య బీమా పరిధిలోకి వస్తారు, మీ వాటా 0.75 శాతం. కార్డు ఎప్పుడిస్తారో అడగండి.

మొదట మీరు ఎంత ఆశిస్తున్నారని వాళ్లే అడుగుతారు. “ఈ పోస్టుకు మీరు అనుకుంటున్న పరిధి చెబితే అందులో నా అనుభవం ఎక్కడ కుదురుతుందో మాట్లాడుకుందామండీ” అనండి. ప్రతిసారీ పనిచేయదు. పనిచేసినప్పుడు మాత్రం బాగా లాభం.

ఏడో అడుగు: సంతకాల సంగతి

“నేను మీ కంపెనీ పేరోల్‌లో ఉంటానా, ఏజెన్సీ పేరోల్‌లోనా?” అన్నది ముందు తేల్చుకోండి. ఐడీ కార్డు మీద పేరు ఒకరిది, జీతం పంపేవారు మరొకరు అయితే, ఎప్పటికైనా మానేసేటప్పుడు అనుభవ ధ్రువపత్రం ఇచ్చేది ఆ రెండోవారే.

చిన్న కంపెనీల్లో ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతారు. “చూసి వెంటనే ఇచ్చేస్తారా?” అని అడగండి. దగ్గర పెట్టుకుంటామంటే నా సలహా, లేచి నమస్కారం పెట్టి వచ్చేయమనే. శిక్షణ డిపాజిట్ అనో, రిజిస్ట్రేషన్ ఫీజు అనో మీ దగ్గరే డబ్బు అడిగితే నమస్కారం కూడా అక్కరలేదు.

బాండు విషయంలో ‘అవేవీ కోర్టులో నిలవవు’ అని హాస్టల్ గదుల్లో చెప్పుకునేదాన్ని నమ్మకండి. ఉద్యోగం మానేశాక ఇంకెక్కడా చేయకూడదనే షరతులకు 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 27వ సెక్షను అడ్డుపడుతుంది, నిజమే. కానీ ఇంతకాలం పనిచేయాలి, లేకపోతే ఇంత కట్టాలి అనే షరతు వేరు. మూడేళ్లు నిండకముందే మానేస్తే 2 లక్షలు కట్టాలన్న ఒక ప్రభుత్వరంగ బ్యాంకు షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. అందుకని ఎన్నాళ్లు, ఎంత, ఏ ఖర్చుకు అని మూడూ అడిగి, ఆ పేజీ ఇంటికి తీసుకెళ్లి చదువుతానని చెప్పండి.

నోటీసు వ్యవధి 90 రోజులంటే తేలిగ్గా తల ఊపకండి. రేపు ఇంకో కంపెనీ 30 రోజుల్లో రమ్మంటుంది. “నోటీసుకు బదులు డబ్బు కట్టి ముందే వెళ్లవచ్చా? ఈమధ్య మానేసినవారిని ఎన్ని రోజుల్లో పంపారు?” అన్నవి చేరేముందే అడిగితే ఎవరూ తప్పుపట్టరు. మానేసేముందు అడిగితే అందరూ అనుమానంగా చూస్తారు.

చివరగా, లేచేముందు

“ఇక్కడినుంచి తర్వాతి దశ ఏమిటి, ఎప్పటిలోగా తెలుస్తుంది? ఆలోగా రాకపోతే ఎవరిని అడగాలి?” పేరు, మెయిల్ రాసుకోండి. వాళ్ల ఎదురుగానే రాసుకోండి.

ఆ రాత్రే ఐదు వాక్యాల మెయిల్ పెట్టండి. కృతజ్ఞతలు ఒక వాక్యం. తర్వాతి మూడూ మీరు విన్నవి: పనిచేసే భవనం, షిఫ్టు వేళ, చేతికొచ్చే జీతం. ‘నాకర్థమైనది సరిగ్గా ఉందో లేదో చెప్పగలరు’ అని ముగించండి. మా మేనకోడలు అలాగే పెట్టింది. రెండు రోజులకు జవాబొచ్చింది, రెండు సంగతులు సరే, షిఫ్టు మాత్రం మధ్యాహ్నం కాదు, సాయంత్రం ఆరున్నర అని. అది ఇంటర్వ్యూలో ఎవరూ చెప్పలేదు.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి. ఆ కాగితం చేతికొచ్చి, మెయిల్‌లో ఉన్నవీ అందులో ఉన్నవీ ఒకటేనని పక్కపక్కన పెట్టి చూసుకునేదాకా, పాత ఉద్యోగానికి రాజీనామా పంపకండి.